ప్లాస్మా కార్బాక్సిల్‌ఎస్టరేజు

కార్బాక్సిల్‌ఎస్టరేజు అనేది ఎస్టరు బంధాలను నీటి సాయంతో విడగొట్టే ఎంజైము. మనిషిలోను, ఎలుకలోను కూడా ఇది కాలేయంలో సమృద్ధిగా ఉన్నది. అయితే ఎలుక, చిట్టెలుకల రక్తపు ప్లాస్మాలో కూడా ఇది అధికంగా ప్రవహిస్తూ ఉండగా, మనిషి ప్లాస్మాలో దాదాపు లేదనే చెప్పాలి. ఈ ఒక్క భేదం కారణంగా ఎలుకలలో లభించిన ఫలితాలను మనుషులకు అన్వయించడంలో పొరపాట్లు జరిగే అవకాశం కలదు.

కారణం

మనిషి కాలేయంలో తయారయ్యే ఈ ఎంజైము చివర నాలుగు అమైనో ఆమ్లాల గుర్తు ఒకటి ఉంటుంది. అది ఎంజైమును కణం లోపలే నిలిపి ఉంచుతుంది. చిట్టెలుకలలోని సీఈఎస్1సీ అనే రకానికి అటువంటి గుర్తు లేనందున అది రక్తంలోకి విడుదలవుతుంది. మనిషి ప్లాస్మాలో ఎస్టర్లను విడగొట్టే పనిని ముఖ్యంగా బ్యూటిరిల్‌కోలినెస్టరేజు, పారాక్సోనేజు, కొంతమేరకు ఆల్బుమిన్ నిర్వహిస్తాయి. పురుగుమందు తాగినవారికి ఆసుపత్రులలో చేసే కోలినెస్టరేజు రక్తపరీక్షలో సాధారణంగా కొలిచేది వీటిలో మొదటిదానినే.

విషపదార్థాలు

ఆర్గానోఫాస్ఫేటు విషాలు శరీరంలో చేరినప్పుడు కార్బాక్సిల్‌ఎస్టరేజు వాటితో బంధం ఏర్పరచుకొని తాను నిర్వీర్యమవుతుంది. ఆ మేరకు విషం నాడీమండలాన్ని చేరదు. సోమాన్ అనే రసాయన ఆయుధాన్ని ఎలుకలు ఎక్కువగా తట్టుకోవడానికి ఇదే ప్రధాన కారణం. ఈ ఎంజైమును ముందుగా నిరోధించినచో ప్రాణాంతక మోతాదు ఎన్నో రెట్లు తగ్గిపోతుంది. కావున ఎలుకకు ప్రమాదం లేని మోతాదును శరీర బరువును బట్టి లెక్కగట్టి మనిషికి కూడా సురక్షితమని భావించరాదు. ఈ ఎంజైము తక్కువగా ఉన్న గినీ పందులు, కోతులు ఇటువంటి పరీక్షలకు ఎక్కువ అనుకూలం.

ఔషధాలు

ఔషధాల విషయంలో పొరపాటు రెండు వైపులా జరగవచ్చు. క్యాన్సరు మందు ఇరినోటెకాన్ చిట్టెలుక ప్లాస్మాలోనే చాలావరకు చురుకైన రూపానికి మారుతుంది. మనిషిలో ఈ మార్పు అంతగా జరగదు కనుక చిట్టెలుకలలో కనిపించిన గుణం ఆశను పెంచి చూపుతుంది. ఇందుకు భిన్నంగా, రెమ్‌డెసివిర్ చిట్టెలుక రక్తంలో త్వరగా విచ్ఛిన్నమవుతుంది. మామూలు చిట్టెలుకలతోనే సరిపెట్టుకొని ఉంటే ఆ మందు పనికిరానిదిగా తోచి ఉండేది. అందువలన 2017లో ప్రచురితమైన కరోనావైరస్ ప్రయోగాలలో సీఈఎస్1సీ జన్యువు తొలగించిన చిట్టెలుకలను వాడారు. 2020లో కోవిడ్-19 చికిత్సకు ఉపయోగించినది ఈ మందునే. యాంటీబాడీకి మందును జతచేసే కొన్ని లంకెలు కూడా చిట్టెలుక ప్లాస్మాలో ఇదే ఎంజైము వలన తెగిపోతాయి, మనిషి ప్లాస్మాలో మాత్రం నిలిచి ఉంటాయి.