ఓక్ చెట్లకు పేర్లు ఎలా వచ్చాయి?

మన ఔరాద్ చుట్టుపక్కల ఓక్ చెట్టు కనబడదు. నిఘంటువులో దాన్ని సింధూర వృక్షం అన్నారు కానీ ఆ మాట ఇక్కడ ఎవరూ వాడరు. అయినా ఆ చెట్టు సరుకు ఒకటి కిరాణా దుకాణంలో దొరుకుతుంది. అదే మాచికాయ. కన్నడంలో కూడా మాచికాయే, మరాఠీలో మాయఫళ్, ఉర్దూలో మాజూఫల్. పేరులో కాయ, ఫలం అని ఉన్నా నిజానికి అది కాయ కాదు. టర్కీ, ఇరాన్ వైపు పెరిగే ఒక ఓక్ కొమ్మ మీద కందిరీగ జాతి చిన్న పురుగు గుడ్డు పెడితే అక్కడ ఉబ్బి గట్టిపడే బుడిపె అది. ఆ చెట్టుకు 1801లో ఒలీవియే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త క్వెర్కస్ ఇన్‌ఫెక్టోరియా అని పేరు పెట్టారు.

ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు ఉంటే శాస్త్రానికి పని జరగదు. అందుకే 1753లో స్వీడన్‌కు చెందిన లిన్నేయస్ ప్రతి మొక్కకూ రెండు మాటల లాటిన్ పేరు పెట్టే పద్ధతి తెచ్చారు. అందులో ఓక్ ప్రజాతికి మాట క్వెర్కస్.

ఆసియాలో ఏడాది పొడుగునా పచ్చగా ఉండే ఓక్‌లు చాలా ఉన్నాయి. వాటికి పేర్లు పెట్టినవాళ్లలో విలియం రాక్స్‌బర్గ్ ఒకరు. ఆయన స్కాట్లాండ్‌లో పుట్టిన కంపెనీ డాక్టరు. 1781 నుంచి 1793 దాకా గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉండి తెలుగు దేశపు మొక్కలను పరిశీలించారు. తరువాత కలకత్తా తోటకు అధికారి అయ్యారు. అక్కడ హిమాలయాల ఓక్‌లు, ఈశాన్య కొండల ఓక్‌లు ఆయన లెక్కలోకి వచ్చాయి.

హిమాలయాల్లో బాంజ్ అనే పచ్చని ఓక్ ఉంది. రాక్స్‌బర్గ్ దానికి క్వెర్కస్ ఇన్‌కానా అని పేరు పెట్టారు. కానీ ఆయన 1815లో చనిపోయారు. ఆ వర్ణన ఉన్న పుస్తకం 1832లో గానీ అచ్చు కాలేదు. అప్పటికే 1791లో బార్‌ట్రమ్ అనే ఆయన అమెరికాలోని వేరే ఓక్‌కు అదే పేరు పెట్టేశారు. ఒకే పేరు రెండు చెట్లకు చెల్లదు. అందుకని 1935లో ఫ్రాన్స్‌కు చెందిన ఎమే కామూ అనే ఆమె బాంజ్‌కు క్వెర్కస్ ల్యూకోట్రైకోఫోరా అనే కొత్త పేరు పెట్టారు. తెల్లని నూగు ఉన్నదని దాని అర్థం. తీరా చూస్తే 1825లోనే డేవిడ్ డాన్ ఇదే చెట్టును క్వెర్కస్ ఆబ్లాంగాటా అని రాశారు. ముందు అచ్చయిన పేరే చెల్లుతుంది కాబట్టి ఇప్పుడు చాలామంది ఆ పేరే వాడుతున్నారు. చెట్టు మారలేదు, పేరే మారింది.

ప్రజాతులు కూడా మారాయి. గిన్నెలో కూర్చున్నట్టు కాయ ఉంటే రాక్స్‌బర్గ్ క్వెర్కస్‌లోనే చేర్చారు. జావాలో పనిచేసిన బ్లూమే రాయిలాంటి కాయ ఉన్నవాటికి లిథోకార్పస్ అనే ప్రజాతి పెట్టారు. క్వెర్కస్‌లో మగపూల కంకులు కిందికి వేలాడతాయి, గాలే పుప్పొడిని మోస్తుంది. లిథోకార్పస్‌లో కంకులు నిటారుగా ఉంటాయి, ఆ పని పురుగులు చేస్తాయి. అందుకే రాక్స్‌బర్గ్ క్వెర్కస్ ఫెనెస్ట్రాటా అన్న చెట్టును 1919లో రేడర్ లిథోకార్పస్‌లోకి మార్చారు. గిన్నె మీద గాజుల్లాంటి వలయాలు ఉన్న ఓక్‌లను 1867లో ఎర్‌స్టెడ్ విడదీస్తే, 2017 వర్గీకరణలో వాటిని మళ్లీ క్వెర్కస్‌లో ఒక భాగంగా ఉంచారు.

ఇక్కడ నాకొక ప్రశ్న వచ్చింది. కొండల్లో జనం బాంజ్ అని ఎప్పటినుంచో అంటుంటే ఆ పేరు ఎందుకు చెల్లలేదు? నియమం ప్రకారం లాటిన్ రూపంలో ప్రచురితమై ఉండాలి. నోటి మాటకు తేదీ ఉండదు.

కానీ ఎవరైనా విని రాస్తే నోటి మాట కూడా నిలుస్తుంది. మన తెలుగువాళ్లు జ్వరానికి బెరడు వాడే ఒక చెట్టును సోమిద అనేవారు. రాక్స్‌బర్గ్ ఆ పేరు రాసుకున్నారు. 1830లో జుస్సియూ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఆ చెట్టు ప్రజాతికి సోయ్‌మిడా అని పేరు పెట్టారు. ఇప్పుడు ఏ దేశంవాళ్లు ఆ చెట్టు గురించి రాసినా మన తెలుగు మాటే రాయాలి.

మన ఔరాద్‌లో కన్నడం, మరాఠీ, ఉర్దూ, తెలుగు నాలుగూ వినబడతాయి. ఒకే చెట్టుకు నాలుగు పేర్లు ఉండడం తప్పు కాదు, అది మన ఆస్తి. అయితే ఇంట్లో అమ్మమ్మలకు తెలిసిన తెలుగు పేర్లు మనం అడక్కపోతే వాళ్లతోనే పోతాయి. లాటిన్ పేరు పాఠంలో నేర్చుకుందాం, దాని పక్కనే ఇంటి పేరు కూడా నోటుబుక్కులో రాసుకుందాం.