పాత జీపు ఇంజనులో వింత శబ్దాలు: గుర్తించే విధానం

సాలూరు నుంచి సుంకి మీదుగా కొరాపుట్‌కు ఎక్కే కనుమ దారి వంటి చోట్ల పాత జీపు నేటికీ పూర్తిగా కనుమరుగు కాలేదు. మహీంద్రా సంస్థ 1940ల చివరలో విల్లీస్ జీపులను మన దేశంలో కూర్చడం ప్రారంభించింది. నాటి నుంచి అనేక రకాల ఇంజనులు ఈ బండ్లలో చేరాయి. వాటిలో ముఖ్యమైనవి మూడు. మొదటిది విల్లీస్ వారి హరికేన్ పెట్రోలు ఇంజను. రెండవది ప్యూజో నమూనాకు చెందిన 2112 సి.సి. ఎక్స్‌డీపీ 4.90 డీజిలు ఇంజను. మూడవది ఎం.డి.ఐ. పేరుతో ప్రసిద్ధి పొందిన 2523 సి.సి. డీజిలు ఇంజను. మూడింటి సహజ స్వరాలు మూడు విధాలు. ఒకదానికి ఆరోగ్య లక్షణమైన శబ్దం మరొకదానికి రోగ లక్షణం కావచ్చు.

డ్రైవర్ల భాషలో అన్ని శబ్దాలకూ ఒకటే మాట: "ఇంజను కొడుతోంది." సరిహద్దు ప్రాంతాలలో ఈ మాట మరొక చిక్కు తెచ్చిపెడుతుంది. చెప్పేవారు తెలుగులో చెబుతారు, వినే మేస్త్రీ ఒడియాలోనో కన్నడంలోనో అర్థం చేసుకుంటాడు. టకటక, టిక్కుటిక్కు, గరగర అనే అనుకరణ పదాలు మన భాషలో కావలసినన్ని ఉన్నాయి గాని, అవి చెవిన పడిన ధ్వనిని మాత్రమే చెబుతాయి, కారణాన్ని చెప్పవు. ఫలితంగా వాటర్ పంపు బేరింగు మారిస్తే సరిపోయే బండికి ఇంజను మొత్తం విప్పిన సందర్భాలు ఉంటాయి. టాపెట్ శబ్దమేనని నెలల తరబడి నడిపి, చివరకు ఘాట్ మధ్యలో ఇంజను పట్టేసిన సందర్భాలూ ఉంటాయి. కనుక శబ్దం ఎంత పెద్దది అన్నదానికంటే అది ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు ఆగుతోంది అన్నదే ముందుగా గమనించవలసిన విషయం. సైలెన్సరు గొట్టం ఛాసిస్‌కు తగిలితే బండి అంతా మోగుతుంది, నష్టం స్వల్పం. క్రాంకు బేరింగు అరిగితే తొలినాళ్ళలో వినీవినపడనంత మెత్తని దెబ్బ మాత్రమే ఉంటుంది.

ముందు చూడవలసినది ఆయిలు

ఇంజను అడుగు భాగం నుంచి బరువైన దెబ్బ వంటి శబ్దం కొత్తగా మొదలై, దానితోపాటు ఆయిలు గేజి ముల్లు కిందికి దిగితే ఇతర పరీక్షలేవీ అవసరం లేదు. వెంటనే ఇంజను ఆపివేయాలి. "ఊరు దగ్గరే కదా, అక్కడి దాకా పోదాం" అన్న ఆలోచన ఇటువంటి సమయంలో చాలా ఖరీదైనది. బేరింగుకూ క్రాంకుకూ మధ్య ఆయిలు పొర తెగిపోయిన తరువాత ఆ లోహాలు ఒకదానినొకటి తినివేయడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ దశలో ఆపితే బేరింగులతో పోయేది, నడిపితే క్రాంకు, రాడ్డు, ఒక్కొక్కప్పుడు బ్లాకు దాకా పోతుంది. ఇంజను చల్లారిన తరువాత బండిని సమతలంపై నిలిపి డిప్‌స్టిక్ చూడాలి. ఆయిలు తగినంత ఉన్నంత మాత్రాన భయం తీరినట్లు కాదు. రాతి దారిలో నడిచే జీపులకు సంపు అడుగున సొట్ట పడటం మామూలే. ఆ సొట్ట లోపలి జాలీని అడ్డుకుంటే నిండుగా ఆయిలు ఉండి కూడా పైకి ఎక్కదు. మరీ లోతుగా పడితే క్రాంకే రేకుకు తగులుతుంది. నిట్టనిలువు ఎక్కుడులో మాత్రమే ముల్లు పడిపోయి, సమతలంలో మళ్ళీ లేస్తుంటే ఆయిలు తక్కువై జాలీకి అందకుండా వెనుకకు జారుతోందని తొలుత అనుమానించాలి.

రాడ్డు బేరింగు దెబ్బ ఎక్కువగా యాక్సిలరేటరు నొక్కి వదిలిన క్షణంలో వినిపిస్తుంది. మెయిన్ బేరింగు శబ్దం ఇంకా లోతుగా, బరువు లాగేటప్పుడు ఎక్కువగా ఉంటుంది. రెండూ ఇంజను వేడెక్కి ఆయిలు పలుచబడిన కొద్దీ పెరుగుతాయి. పిస్టన్ బోరులో వదులైనప్పుడు వచ్చే శబ్దం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఉదయం చల్లగా ఉన్నప్పుడు గట్టిగా ఉండి, వేడికి పిస్టన్ వ్యాకోచించగానే తగ్గుతుంది. ఇట్టి బండి పొగ, ఆయిలు ఖర్చు మితిమీరకుండా ఉంటే మరికొంత కాలం నడుస్తుంది. ఇంజను బోరుకు వచ్చిందని ఎవరైనా చెబితే ఉదయం శబ్దానికీ మధ్యాహ్నం శబ్దానికీ ఉన్న తేడాను యజమాని స్వయంగా విని చూసుకోవడం మంచిది.

వాల్వులా, నాజిలా?

డీజిలు ఇంజను చల్లగా ఉన్నప్పుడు కొంత టకటకలాడటం సహజం. ఎం.డి.ఐ. ఇంజనులో డీజిలు నేరుగా సిలిండరులోనికి చిమ్ముతుంది కనుక దాని స్వరం కరకుగానే ఉంటుంది. ప్యూజో నమూనాలో మంట మొదట ఒక చిన్న గదిలో అంటుకుంటుంది. అందువల్ల అది కొంత మృదువుగా నడవాలి, అయితే చల్లగా ఉన్నప్పుడు హీటరు ప్లగ్గుల సాయం దానికి తప్పదు. ఒక ప్లగ్గు పనిచేయకపోయినా ఉదయం పూట ఆ సిలిండరు కొంతసేపు తడబడి కొడుతుంది. తెల్లపొగ దానికి తోడైతే అనుమానం బలపడుతుంది.

టాపెట్ శబ్దం పలుచగా, క్రమంగా, పై మూత కింద నుంచి వస్తుంది. ఇంజను నిమిషానికి 750 చుట్లు తిరిగేటప్పుడు క్యాం షాఫ్టు తిరిగేది 375 చుట్లే. అంటే వదులైన ఒక వాల్వు సెకనుకు సుమారు ఆరు దెబ్బలు వేస్తుంది. క్రాంకు ప్రతి చుట్టుకూ వచ్చే శబ్దం అయితే పన్నెండు దాటుతుంది. లెక్క పెట్టడం కష్టమే గాని, తేడా చెవికి తెలుస్తుంది. ఫీలరు గేజితో ఖాళీని సరిచేయడం పూటలో అయిపోయే పని. ఖాళీ ఎంత ఉండాలన్నది ఆ ఇంజను మాన్యువల్ ప్రకారమే చూడాలి. శబ్దం వినపడకుండా ఉండాలని మరీ బిగిస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. కొద్దిగా పలికే టాపెట్ బొత్తిగా పలకని టాపెట్ కంటే మేలు. హరికేన్ పెట్రోలు ఇంజనులో ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో, ఎగ్జాస్టు వాల్వులు పక్కన బ్లాకులో ఉంటాయి. ఈ సంగతి తెలియని కొత్త మెకానిక్కు పై మూత మాత్రమే విప్పి, శబ్దం పోలేదని నిట్టూరుస్తాడు.

నాజిల్ చెడినప్పుడు వచ్చే దెబ్బ కూడా క్యాం షాఫ్టు వేగంతోనే వస్తుంది కనుక చెవి మోసపోతుంది. దానికి పాత మేస్త్రీల పరీక్ష ఒకటుంది. ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా ఒక్కొక్క సిలిండరు నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులుచేసి డీజిలు అందకుండా చేస్తారు. ఒక సిలిండరు వద్ద శబ్దం పూర్తిగా మాయమైతే దోషం ఆ నాజిల్‌దే కావచ్చు. తగ్గి, పోకుండా ఉంటే ఆ సిలిండరు రాడ్డును అనుమానించాలి. ఏ మార్పూ లేకపోతే వాల్వుల వైపు చూడాలి. ఈ పని చేతి గుడ్డతో, కళ్ళకు రక్షణతో, అనుభవజ్ఞుని చేత మాత్రమే జరగాలి. అధిక ఒత్తిడితో చిమ్మే డీజిలు చర్మాన్ని చీల్చి లోనికి పోగలదు. కామన్ రైలు ఉన్న నేటి ఇంజనుల మీద ఈ పరీక్ష ఎంతమాత్రం తగదు.

శబ్దపు చోటు తెలుసుకోవడానికి పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు, పిడిని చెవి వద్ద ఎముకకు ఆనించి వినే పద్ధతి అందరికీ తెలిసినదే. ఆ సమయంలో మెడలో తువ్వాలు ఉండరాదు. ఫ్యాను దానిని లాగుకుంటే తల కూడా దానితో పోతుంది.

ఇంజనుది కాని శబ్దాలు

ఫ్యాను బెల్టు తీసి, నిలిపిన బండిలో అర నిమిషం నడిపితే చాలు, వాటర్ పంపు, ఆల్టర్నేటరు పాత్ర తేలిపోతుంది. శబ్దం పోయిందంటే దోషం వాటిదే. చల్లగా ఉన్నప్పుడు తుస్సుతుస్సుమని, వేడెక్కాక తగ్గే శబ్దం చాలాసార్లు ఎగ్జాస్టు గ్యాస్కెట్ వద్ద లీకు. అక్కడ మసి చార కనిపిస్తుంది. క్లచ్ పెడల్ నొక్కితే కీచుమన్నది రిలీజ్ బేరింగు, నొక్కితే ఆగిపోయినది గేరుబాక్సు ముందు బేరింగు.

జీపులో ట్రాన్స్‌ఫర్ కేసు మరొక అనుమానితుడు. దానికి న్యూట్రల్ ఉన్న బండ్లలో, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి ఆ లివరును న్యూట్రల్‌లో ఉంచి గేరు వేసి చూస్తే గేరుబాక్సు మాత్రమే తిరుగుతుంది. అప్పుడు శబ్దం లేకపోతే దోషం దాని వెనుక ఉంది. ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులలో గ్రీజు ఎండితే బండి కదిలేటప్పుడు ఒక్క టక్కుమనే శబ్దం వస్తుంది. దానిని ఇంజను దెబ్బగా పొరబడటం సర్వసాధారణం. ఎండిన రోడ్డు మీద ఫోర్ వీల్ తీయకుండా నడిపినా ఇటువంటి మూలుగులే పుడతాయి.

వాగు దాటిన వెంటనే మొదలైన శబ్దం వేరే జాతిది. గాలి గొట్టం ద్వారా సిలిండరులోనికి నీరు చేరితే, నీరు కుదించుకుపోదు కనుక రాడ్డు వంగుతుంది. నీటిలో ఇంజను ఆగిపోతే సెల్ఫు కొట్టరాదు. బండిని బయటకు లాగి, నాజిళ్ళు గాని ప్లగ్గులు గాని విప్పి, చేతితో తిప్పి నీరు వెళ్ళగొట్టిన తరువాతే ప్రయత్నించాలి. డిప్‌స్టిక్ మీద ఆయిలు పాలవలె తెల్లబడి ఉంటే దానిని మార్చనిదే ఇంజను నడపరాదు.

షెడ్డుకు వెళ్ళినప్పుడు ఏ భాషలోనైనా నాలుగు సంగతులు చెప్పగలిగితే మేస్త్రీ పని సగం తగ్గుతుంది: శబ్దం చల్లగా ఉన్నప్పుడా వేడిలోనా, ఎక్కుడులోనా దిగుడులోనా, బండి నిలిచి ఉన్నా వస్తుందా, ఆ సమయంలో ఆయిలు ముల్లు ఎక్కడ ఉంది.