తోట చెట్ల గుర్తింపు గ్రంథాలు

ఉద్యానాల్లో, వీధుల పక్కన, ఇళ్ల ఆవరణల్లో నాటి పెంచే చెట్లను, పొదలను గుర్తుపట్టడానికి రాసిన ప్రామాణిక గ్రంథాలివి. ఒక ప్రాంతపు వృక్షజాల గ్రంథాలు ప్రధానంగా అక్కడ సహజంగా పెరిగే మొక్కలనే వర్ణిస్తాయి. తోటలో అలా కాదు. చైనా పొద పక్కనే మెక్సికో చెట్టు ఉంటుంది, నర్సరీలో పుట్టిన సంకరజాతులూ ఉంటాయి. మొక్క దొరికిన చోటును బట్టి పేరు ఊహించే వీలు అక్కడ లేదు.

బ్రిటన్‌లో ఈ పనికి పునాది వేసినవాడు జాన్ క్లాడియస్ లౌడన్. 1838లో పూర్తయిన ఆయన ‘అర్బొరేటమ్ ఎట్ ఫ్రూటిసెటమ్ బ్రిటానికమ్’ మొత్తం ఎనిమిది సంపుటాలు. నాలుగింటిలో పాఠం, నాలుగింటిలో బొమ్మలు. చిత్రకారులను తోటలకు పంపి, నిలబడి ఉన్న చెట్లను చూసే గీయించాడు. ఆ ఖర్చు ఆయన్ను అప్పుల్లో ముంచింది. 1843లో కన్నుమూసేనాటికీ ఆ బాకీలు తీరలేదు. 1914లో క్యూ ఉద్యానానికి చెందిన డబ్ల్యు.జె. బీన్ మరో పెద్ద గ్రంథం తెచ్చాడు.

అయితే చేతిలో కొమ్మ పట్టుకుని పేరు వెతికేవారికి అసలైన ఆసరా ఆల్‌ఫ్రెడ్ రేడర్. విశ్వవిద్యాలయ పట్టా లేని ఈ జర్మన్ 1898లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌కు చెందిన ఆర్నాల్డ్ అర్బొరేటమ్‌లో కలుపు తీసే పనితో మొదలుపెట్టాడు. ఆయన పరిజ్ఞానాన్ని సంస్థ అధిపతి చార్లెస్ సార్జెంట్ గమనించాడు. అప్పట్లో ఎర్నెస్ట్ విల్సన్ వంటి అన్వేషకులు చైనా నుంచి తెచ్చిన కొత్త మొక్కలు ఆ తోటలో చేరుతున్నాయి. వాటికి పేర్లు నిర్ణయించడంలో ఆరితేరిన రేడర్ 1927లో తన ‘మాన్యువల్’ ప్రచురించాడు. ఉత్తర అమెరికాను చలి తీవ్రతను బట్టి మండలాలుగా విడదీసి, ఏ మొక్క ఎక్కడ బతుకుతుందో కూడా చెప్పాడు. 1940లో రెండో కూర్పు వచ్చింది.

ఈ గ్రంథాలకు ప్రాణం ‘కీ’. లామార్క్ 1778లో ఫ్రాన్స్ మొక్కల కోసం వాడి చూపిన పద్ధతి ఇది: రెండు లక్షణాల్లో ఒకటి ఎంచుకుంటూ ముందుకు సాగాలి. మేపుల్, ప్లేన్ చెట్ల ఆకులు రెండూ అరచేతిలా చీలి ఉంటాయి. కణుపు చూస్తే సందేహం తీరుతుంది. మేపుల్‌కు ఆకులు ఎదురెదురుగా, ప్లేన్‌కు ఒకటి విడిచి ఒకటిగా వస్తాయి. ప్లేన్ ఆకును తుంచితే కాడ అడుగు బోలుగా కనిపిస్తుంది. వచ్చే ఏటి మొగ్గ అందులోనే ఒదిగి ఉంటుంది.

భారతదేశంలో బ్లాటర్, మిల్లర్డ్‌ల ‘సమ్ బ్యూటిఫుల్ ఇండియన్ ట్రీస్’ 1937లో, కవెన్ పుస్తకం 1950లో వెలువడ్డాయి. పేరులో ‘ఇండియన్’ అని ఉన్నా, మడగాస్కర్ నుంచి వచ్చిన తురాయికీ మొదటిదానిలో చోటు దక్కింది. రెండూ పూల అందం మీద నడిచిన రచనలు. ప్రదీప్ క్రిషన్ 2006 నాటి ‘ట్రీస్ ఆఫ్ ఢిల్లీ’ చెట్లను ఆకుల ఆకృతిని బట్టి అమర్చింది. పూత లేని నెలల్లోనూ పాఠకుడికి అక్కరకొచ్చేది ఈ అమరికే.