బ్యాడ్జీ మీద సూపర్‌వైజర్, చట్టం ముందు ఎవరు?

సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ రహదారి మీది పట్టణాలు. మిర్యాలగూడ రైసుమిల్లులకు పేరు. మూడు చోట్లా సూపర్‌మార్కెట్లు, బట్టల మాల్స్, మొబైల్ షోరూముల్లో మన పిల్లలు పనిచేస్తున్నారు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. డిగ్రీ చదివి సేల్స్‌లో చేరినవారికి కళ్లముందు కనిపించే మెట్టు సూపర్‌వైజర్ ఉద్యోగం. ఆ మెట్టు ఎక్కితే ఏమి వస్తుందో, ఏమి పోతుందో విద్యార్థులకు, కార్యకర్తలకు ఉపయోగపడేలా ఇక్కడ వివరిస్తున్నాం.

బాధ్యత ఉంది, అధికారం లేదు

షట్టర్ తీయించడం, డ్యూటీ చార్టు వేయడం, స్టాకు లెక్కించడం, కౌంటర్ క్యాష్ సరిచూడటం, కస్టమర్ గొడవపడితే ముందు నిలబడటం సూపర్‌వైజర్ పని. టార్గెట్ పైనుంచి వస్తుంది. మనుషులను తీసుకోవడం, తీసేయడం, జీతం పెంచడం మాత్రం సాధారణంగా మేనేజర్ లేదా యజమాని చేతిలోనే ఉంటాయి. కింది సిబ్బందికి ఇతను యజమాని మనిషి, యజమానికి ఇతనూ ఒక జీతగాడే. ఈ ఉద్యోగంలోని అసంతృప్తికి మూలం ఇదేనని మేము భావిస్తున్నాం.

కులం ఎక్కడ పనిచేస్తుంది

సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ ఉద్యోగ ప్రకటనలకు ఒకే స్థాయి అర్హతలతో వేర్వేరు పేర్ల మీద దరఖాస్తులు పంపి పరీక్షించారు. దళిత పేర్లున్న వాటికి అగ్రకుల పేర్లున్న వాటికన్నా పిలుపు వచ్చే అవకాశం తక్కువని 2007లో వెల్లడించారు. అదే ఏడాది సురిందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ చేసిన అధ్యయనంలో యాజమాన్యాలు ప్రతిభ గురించి మాట్లాడుతూనే ‘కుటుంబ నేపథ్యం’ అడుగుతాయని తేలింది. గల్లాపెట్టె, తాళాలు ఎవరి చేతికివ్వాలన్నప్పుడు కూడా ‘మనోడేనా’ అన్న లెక్క ఇలాగే వస్తుంది. దళితుడు సూపర్‌వైజర్ అయితే పైవారి అనుమానం, కిందివారి ధిక్కారం రెండూ భరించాల్సి రావచ్చు.

పేరుతో పోయే హక్కు

1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం, 2010 సవరణ తర్వాత, నెలకు రూ.10,000 దాటిన సూపర్‌వైజర్ ‘కార్మికుడు’ కాదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ పరిమితిని రూ.18,000 చేసింది. అది దాటినవారిని తీసేస్తే, కార్మికుడిగా ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి ఉండదు. మేనేజర్ పని చేసేవారికి జీతం ఎంతైనా ఆ దారి లేదు.

అయితే బ్యాడ్జీ మీది పేరొక్కటే దీన్ని తేల్చదు. చెప్పుల కంపెనీ షాపు మేనేజర్‌కు సంబంధించిన ఎస్.కె. మైనీ కేసులో సుప్రీంకోర్టు 1994లో ఇదే చెప్పింది. హోదా పేరు కాదు, ప్రధానంగా చేసే పని ఏమిటన్నదే చూడాలంది. షాపు నడిపే బాధ్యత మైనీదే కాబట్టి ఆయన ఓడిపోయారు. పేరుకే సూపర్‌వైజర్ అయి, రోజంతా బిల్లులు కొట్టి స్టాకు సర్దేవారికి అదే సూత్రం అండగా నిలుస్తుంది.

మిగిలి ఉన్న హక్కులు

• జీతం కోత: వేతనాల కోడ్ (2019) సూపర్‌వైజర్లకు, మేనేజర్లకు కూడా వర్తిస్తుంది. స్టాకు తగ్గిందని అందరి జీతంలో తలా కొంత కోయడం కుదరదు. సరుకును ఆ ఉద్యోగికే అప్పగించి ఉండాలి, నష్టం అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, వివరణకు అవకాశం ఇవ్వాలి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు.

• పని గంటలు, తొలగింపు: 1988 దుకాణాలు, సంస్థల చట్టం కింద రోజుకు 8, వారానికి 48 గంటలే పని. వారానికో సెలవు, అదనపు పనికి రెట్టింపు వేతనం ఇవ్వాలి. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా తీసేయాలంటే నెల ముందు రాతపూర్వక నోటీసు గానీ, నెల జీతం గానీ ఇవ్వాలి. దానిపై అప్పీలు చేసుకోవచ్చు. షాపు వ్యవహారాలపై నిజంగా అదుపు ఉన్న మేనేజ్‌మెంట్ స్థాయివారికి మినహాయింపు ఉంది.

• అవమానం: పదిమంది చూసే చోట కులం పేరుతో తిడితే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుంది. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు జరిగితే ఆ సెక్షన్ నిలవదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఎక్కడ అన్నారు, ఎవరు విన్నారు అన్నది వెంటనే రాసిపెట్టుకోవాలి.

ఫిర్యాదుకు ముందు

నియామక పత్రం, జీతం స్లిప్పులు, డ్యూటీ చార్టు ఫొటోలు, వాట్సాప్‌లో వచ్చే ఆదేశాలు దాచుకోవాలి. రోజూ అసలు చేసే పని ఏమిటో అవే చెబుతాయి. సూర్యాపేట, కోదాడ వారు సూర్యాపేట జిల్లా కార్మిక శాఖను, మిర్యాలగూడ వారు నల్లగొండ జిల్లా కార్మిక శాఖను ఆశ్రయించాలి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయన్నది మరవకూడదు.

ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల పరిమితి 1946లో చట్టమైంది. 1942 నుంచి 1946 వరకు వైస్రాయి మండలిలో కార్మిక సభ్యుడిగా దాని కోసం పనిచేసినవారు బాబాసాహెబ్ అంబేద్కర్. ఆ గంటలు సూపర్‌వైజర్ బ్యాడ్జీ పెట్టుకున్న మనవాళ్లకూ దక్కాలి.