రేగడి దారిలో చక్రం

భూగర్భశాస్త్ర గ్రంథాలలో నల్లనేలకు 'రెగర్' అన్న పేరు కనిపిస్తుంది. అది మన 'రేగడి'యే. తెలుగు రైతు నోటి మాట ఆంగ్లేయుల చేతిలో కాస్త రూపు మారి శాస్త్రంలో స్థిరపడింది. నారాయణఖేడ్ అటువంటి రేగడి సీమ. 1956 నవంబరు 1కి ముందు ఈ తాలూకా బీదరు జిల్లాలో ఉండేది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో మెదకు జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. కాగితాల మీద జిల్లా పేరు మారుతూ వచ్చింది గాని నేల గుణం మారలేదు. వానకు ఉబ్బి బంకలా అంటుకుంటుంది, ఎండకు నెర్రెలిచ్చి గట్టిపడుతుంది.

ఈ నేల మీద ఎంత చక్రం ఉండాలన్నది పాత ప్రశ్న. నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కారు కొన్నవారు, అరిగిన టైర్లు మార్చే వేళ ఒక సైజు పెద్దవి వేయిద్దామా అని ఆలోచిస్తున్నప్పుడు అదే ప్రశ్న మళ్ళీ అడుగుతున్నారు. కొత్త సమాధానం చెప్పేముందు పాత సమాధానాలను వరుసగా చూడడం మంచిది.

మొదటి సమాధానం ఎడ్లబండి. దక్కనులో బండిచక్రం వ్యాసం సాధారణంగా నాలుగున్నర నుంచి ఐదడుగుల దాకా ఉండేది. అంటే ఇరుసు నేలకు దాదాపు రెండున్నర అడుగుల ఎత్తున నిలిచేది. గాడి ఎంత లోతైనా ఇరుసు మట్టికి తగలదు. పెద్ద చక్రం గుంటలోకి దిగడమూ తక్కువే, దిగినా ఎద్దులు సులువుగా పైకి లాగగలవు. పైగా దానికి మడ్‌గార్డు లేదు. అంటుకున్న రేగడి ఆకుల సందుల నుంచి దానంతట అదే రాలిపోయేది.

ఆ చక్రానికీ టైరు ఉండేది, కాకపోతే ఇనుపది. వడ్రంగి చేసిన కొయ్యచక్రానికి కమ్మరి ఇనుపపట్టా తొడిగేవాడు. ఐదడుగుల చక్రం చుట్టుకొలత సుమారు 188 అంగుళాలు. ఇనుము 500 డిగ్రీల మేర వేడెక్కితే ఆ నిడివిలో అంగుళం పైచిలుకు సాగుతుంది. అందువల్ల పట్టాను చక్రం కన్నా ఆ మేరకు చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి నీళ్ళు పోసేవారు. చల్లారుతూ బిగుసుకున్న పట్టా ఆకులన్నిటినీ నాభిలోకి నొక్కిపెట్టేది. పట్టా పెద్దదైతే ఊడిపోతుంది, మరీ చిన్నదైతే కొయ్య పగులుతుంది. లెక్క ఒక్క అంగుళంలో ఉండేది. టైరు కొలతను కంటితో కాక కొలిచి నిర్ణయించాలన్నది కమ్మరి కొలిమి దగ్గరే తేలిన విషయం.

ఈ సమాధానానికి మూల్యం చెల్లించింది రోడ్డు. సన్నని ఇనుపపట్టా బరువునంతా కొద్ది చోట మోపి కంకర రోడ్డును కోసివేసేది. బ్రిటిషిండియాలో 1927లో రోడ్ల అభివృద్ధి కోసం జయకర్ సంఘం ఏర్పడింది, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుట్టింది. ఎడ్లబండి పట్టా చేసే గాట్లు ఆనాటి ఇంజనీర్లకు తీరని తలనొప్పి. అదే కాలంలో మన వైపు మోటారు వచ్చింది. 1932 జూన్‌లో నిజాం రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి 'డెక్కన్ క్వీన్' పేరుతో హైదరాబాదులో భద్రంగా ఉంది.

రెండవ సమాధానం గాలి టైరు. రాబర్ట్ విలియం థాంసన్ 1845లోనే గాలి నింపిన చక్రానికి పేటెంటు పొందినా, దానిని ఎవరూ పట్టించుకోలేదు. 1888లో బెల్‌ఫాస్టులో పశువైద్యుడైన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుడి మూడు చక్రాల సైకిలు కోసం మళ్ళీ కనిపెట్టాడు. పశువైద్యుడు కనిపెట్టిన ఆ వస్తువు తుదకు ఎద్దులకే ఊరటనివ్వడం చరిత్రలో ఒక ముచ్చట. మన దేశంలో బండ్ల కోసం ప్రత్యేకంగా టైర్లు తయారయ్యాయి. వాటి మీద 'ఏ.డి.వి.' అన్న అక్షరాలుంటాయి, పశువులు లాగే వాహనాలకని అర్థం. వాటిలో 8.00-19 కొలత టైరు వ్యాసం మూడడుగులకు కొంచెం అటూఇటూగా ఉంటుంది. గట్టి దారి మీద ఎద్దులకు భారం బాగా తగ్గింది, రోడ్డు కోతా తగ్గింది. కాని ఇరుసు ఒకటిన్నర అడుగుల ఎత్తుకు దిగిపోయింది. అందుకే టైరుబండి రోడ్డున్న ఊళ్ళలో ముందుగా నిలదొక్కుకుంది. గాడిదారుల ఊళ్ళలో కొయ్యచక్రం ఇంకా చాలాకాలం తిరిగింది.

మూడవ సమాధానం జీపు. రెండవ ప్రపంచయుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ జీపును స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలోనే మహీంద్రా సంస్థ బొంబాయిలో అమర్చసాగింది. దాని టైరు కొలత 6.00-16, వ్యాసం 28, 29 అంగుళాలు. ఇరుసు ఎత్తు తగ్గిన లోటును నాలుగు చక్రాల లాగుడుతో పూడ్చుకోవడం ఇందులోని కిటుకు. అయితే జీపులో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ నడుమ వేగపు తేడాను సర్దే డిఫరెన్షియల్ లేదు. అందుకే గట్టి రోడ్డు ఎక్కగానే డ్రైవరు ముందు చక్రాల పళ్ళను విడదీయవలసి వచ్చేది.

ఇప్పటి ఆల్ వీల్ డ్రైవ్ కారు నాలుగవ సమాధానం. పళ్ళు విడదీసే పని డ్రైవరుకు లేదు. ఇరుసుల నడుమ వేగపు తేడాను డిఫరెన్షియలో, పలకల క్లచ్చో సర్దుతుంది. 2014లో మన దేశంలో వచ్చిన రెనో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్‌కు 215/65 ఆర్16 టైర్లుండేవి. 215 అన్నది మిల్లీమీటర్లలో వెడల్పు, 65 అన్నది ఆ వెడల్పులో టైరు గోడ ఎత్తు శాతం, 16 అన్నది రిమ్ము అంగుళాలు. గోడ 139.75 మి.మీ.; రెండు గోడలూ రిమ్ము 406.4 మి.మీ.తో కలిపితే వ్యాసం 685.9 మి.మీ., అంటే 27 అంగుళాలు.

ఐదడుగులు, మూడడుగులు, 28 అంగుళాలు, 27 అంగుళాలు. రోడ్డు పైకి లేచిన కొద్దీ చక్రం కిందికి దిగుతూ వచ్చింది. 2000 డిసెంబరులో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన తరువాత ఈ దిగుడు అందరికీ సమ్మతమైంది. కాని తారు రోడ్డు ఆగిన చోట నుంచి తండా దాకా, చేను దాకా మిగిలిన దారి ఇంకా పాత దారే. పోయిన ఎత్తులో కొంతైనా తిరిగి తెచ్చుకోవాలన్న ఆశ అక్కడ పుడుతుంది. ఆశ న్యాయమైనదే. లెక్క కూడా చూడాలి.

225/65 ఆర్16 వేస్తే వ్యాసం 698.9 మి.మీ. అవుతుంది, పెరుగుదల దాదాపు 1.9 శాతం. 215/70 ఆర్16 వేస్తే 707.4 మి.మీ., పెరుగుదల 3.1 శాతం. మూడు శాతం దాటరాదన్నది ఈ పనివారిలో వాడుకగా ఉన్న హద్దు. బండి పైకి లేచేది వ్యాసంలో పెరిగినదానిలో సగమే గనుక మొదటిదానితో 6.5 మి.మీ., రెండవదానితో 11 మి.మీ. లోపు ఎత్తు దక్కుతుంది. బదులుగా స్పీడోమీటరు 60 చూపినపుడు రెండవ టైరు మీద అసలు వేగం 62కు దగ్గరగా ఉంటుంది, లాగే బలం ఆ మేరకే తగ్గుతుంది. రేగడి సీమకు ఇంకొక చిక్కు ఉంది. టైరుకూ మడ్‌గార్డు లోపలి గోడకూ మధ్య ఖాళీ తగ్గుతుంది. ఎండలో సరిపోయిన ఆ ఖాళీ, వానలో బంకమట్టి పేరుకోగానే చక్రాన్ని పట్టేస్తుంది. తెరిచిన బండిచక్రానికి ఆ బాధ లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి. ఎడ్లబండిలో చక్రాలు దేనికది తన ఇరుసు కొనమీద తిరుగుతుంది. ఒకటి చిన్నదైతే బండి కాస్త ఒరుగుతుంది, అంతే. ఆల్ వీల్ డ్రైవ్‌లో చక్రాలన్నీ పళ్ళతో, క్లచ్చుతో ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. డబ్బు కలిసిరాక ముందు రెండూ పాతవి ఉంచి, వెనుక రెండూ కొత్తవి వేయించడం మన దగ్గర మామూలే. నాలుగు మిల్లీమీటర్లు అరిగిన టైరు కొత్తదానికన్నా కిలోమీటరుకు ఐదారు చుట్లు ఎక్కువ తిరుగుతుంది. నూరు కిలోమీటర్లకు అవి 550 చుట్లవుతాయి. ఆ తేడానంతా నడుమనున్న క్లచ్చు జారుతూ, వేడెక్కుతూ భరించాలి. ఒకటే సైజులో కొత్త, పాత కలిపితేనే ఇంత ఉంటే, ఇక రెండు సైజులు కలపడం సంగతి చెప్పనక్కరలేదు. పెద్ద టైరు వేయదలచినవారు నాలుగూ ఒకేసారి, ఒకే రకంవి వేయాలి, స్టెప్నీతో సహా. ఆ ఖర్చుకు సిద్ధం కానివారికి కంపెనీ ఇచ్చిన కొలతే క్షేమం.

ఇక్కడ ఒక చిత్రం. జహీరాబాదులో మహీంద్రా వాహనాలు తయారవుతాయి, సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. టైర్లు తయారవుతాయి. రెండూ నారాయణఖేడ్ ఉన్న జిల్లాలోనే. బండీ టైరూ రెండూ పొరుగున పుడుతున్నా, ఒకదానికొకటి కుదిర్చే లెక్క మాత్రం కొనేవాడే వేసుకోవాలి. ఒకప్పుడు ఆ లెక్క ఊరి కమ్మరి వేసేవాడు.

ఆ కమ్మరితో పాటు చక్రం భాగాల పేర్లూ వెళ్ళిపోతున్నాయి. ఇరుసు, శీల, ఆకు, నాభి, కందెన వంటి కొన్ని ఇంకా నోట నిలిచాయి. మీ ప్రాంతంలో చక్రపు వంపుచెక్కలను, ఇనుపపట్టాను, కందెన పోసే గొట్టాన్ని ఏమనేవారో పెద్దలనడిగి వ్యాఖ్యలలో రాయండి. మాటలైనా మిగులుతాయి.