చేతికి చిక్కని ఎంజైము

చెలక గట్ల మీద తిరిగేవాళ్లకు తుమ్మముల్లు కొత్త కాదు. గుచ్చుకున్న చోట మర్నాటికి ఎర్రబడుతుంది, ఆపైన చీము పడుతుంది. ఆ చీములో ఉండేవి చాలావరకు క్రిములతో పోరాడి చచ్చిన తెల్ల రక్తకణాలే.

1933లో బాల్‌డ్రిడ్జ్, జెరార్డ్ కుక్క రక్తంలోని తెల్లకణాలకు బ్యాక్టీరియాను మేపి చూశారు. మింగుతున్నంతసేపూ కణాలు ఆక్సిజన్‌ను గబగబా పీల్చుకున్నాయి. మింగడానికి శక్తి కావాలి కదా, అందుకే అనుకున్నారంతా. 1959లో స్బారా, కర్నోవ్‌స్కీ ఆ శక్తి ఆక్సిజన్ అక్కర్లేకుండా గ్లూకోజు విరగడం నుంచే వస్తోందని చూపించారు. మరి ఆ ఆక్సిజనంతా ఎక్కడికి పోతోంది?

జవాబు జబ్బుపిల్లల దగ్గర దొరికింది. మాటిమాటికీ గడ్డలు లేచి నరకం చూసే కొందరు పిల్లల కణాలు క్రిములను మింగుతాయి, చంపలేవు. వాటిలో ఆ ఆక్సిజన్ పీల్పే లేదని 1967లో తేలింది. 1973లో బేబియర్ బృందం ఆ ఆక్సిజన్ సూపర్‌ఆక్సైడ్ అనే ఆయుధంగా మారుతోందని పట్టుకుంది.

ఆ ఆయుధాన్ని తయారుచేసే ఎంజైము కణం పొరలో కూరుకుని ఉంటుంది. దాన్ని బయటికి తీయాలంటే పొరను సబ్బులాంటి డిటర్జెంట్‌తో కరిగించాలి. అక్కడే చిక్కొచ్చింది. కరిగించగానే దాని సత్తువ తరిగిపోయేది. కాస్త వెచ్చబడినా, ఉప్పు ఎక్కువైనా చచ్చుబడేది. ఎన్నో ప్రయోగశాలల శ్రమ ఇలాగే నీరుగారింది. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో లాంబెత్ దగ్గర పనిచేస్తున్న మినోరు తమురా బృందం 1988లో ఫాస్ఫటైడిల్‌సెరీన్ అనే కొవ్వు తోడైతే ఎంజైము చురుకు పెరుగుతుందని చూసింది. చురుకు పెరిగింది సరే, నిలకడ సంగతేమిటి?

అప్పుడు వాళ్లు ఇ.డి.సి. అనే రసాయనాన్ని పట్టుకున్నారు. ఇది పెళ్లిళ్ల పేరయ్య లాంటిది: పక్కపక్కనే ఉన్న రెండు ప్రొటీన్లలో ఒకదాని ఆమ్లపు కొసను, రెండోదాని అమైను కొసను కలిపి ముడివేసి, తాను తప్పుకుంటుంది. ముడి మాత్రం గట్టిది. ఇ.డి.సి. తాకిన ఎంజైము వేడికీ ఉప్పుకీ మునుపటిలా లొంగలేదు. 1989లో ఆ ఫలితం అచ్చయింది.

అసలు ఆ ఎంజైము ఒంటరిది కాదు. పొరలో ఉండే రెండు ప్రొటీన్ల దగ్గరికి, ముప్పు వచ్చినప్పుడు కణంలోంచి మరికొన్ని వచ్చి జతకూడితేనే పని మొదలవుతుంది. ఆ జత విడిపోతే పని ఆగిపోతుంది. ఆ ఆయుధం మన కండనూ కాల్చగలదు కనుక, విడిపోగలగడం ఒంటికి మేలే. ప్రయోగశాలకే అది శాపమైంది.

తమురా ఆ ఎంజైమును వదల్లేదు. జపాన్‌లోని ఎహిమె విశ్వవిద్యాలయంలో ఆయన బృందం ఈసారి రసాయనం జోలికి పోకుండా, కణంలోంచి పొర దగ్గరికి వచ్చే రెండు ప్రొటీన్లను జన్యువులోనే కలిపి ఒకటిగా పుట్టించింది. అలా పుట్టిన జంటతో కూర్చిన ఎంజైము విడివిడి ప్రొటీన్లతో కూర్చినదానికన్నా చురుగ్గా, ఎక్కువసేపు నిలిచింది. అది 2001 నాటి మాట.