పడకపుండును గూర్చి నర్సు చేసిన పరిశోధన

మంచము పట్టిన రోగికి పిరుదులయందును, మడమలయందును పుట్టెడి పడకపుండు రోగమువలన గాక ప్రాయికముగా పరిచర్యాలోపముననే కలుగునని ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన గ్రంథమున వ్రాసెను; తరువాత ఫ్రాన్సుదేశపు వైద్యుడు షార్కో అది నాడీమండల వికారఫలమని వాదించెను. ఈ రెండు మతముల నడుమ నర్సులు మాత్రము తమకు నేర్పిన చొప్పున సబ్బుతోను, స్పిరిటుతోను వీపు రుద్దుచు, పౌడరు అద్దుచు తరములు గడపిరి.

ఆ శ్రమ సఫలమా యని పరీక్షించి చూచినది డొరీన్ నార్టన్. తానును నర్సే యైన ఆమె, మెక్‌లారెన్, ఎక్స్‌టన్-స్మిత్ అనువారితో గూడి లండనులో వృద్ధరోగులను ఓపికతో పరిశీలించి 1962లో ఫలితములను ప్రకటించెను: పూతలవలన చెప్పదగిన మేలు లేదు, రోగిని వేళ తప్పక ఒత్తిగిలజేసి, ఒత్తిడిని తొలగించుటయే రక్ష. దేహస్థితి, మనఃస్థితి, నడక, కదలిక, మలమూత్రనిగ్రహము అను అయిదింటికిని 1 మొదలు 4 వఱకు అంకెలు వేసి, మొత్తము 20కి 14 గాని అంతకు తక్కువ గాని వచ్చినవారిని ముందుగనే గుర్తించి కాచుకొను పద్ధతిని ఆమె ఏర్పఱచెను. వైద్యుని యాజ్ఞకై వేచియుండక నర్సు స్వయముగా నిర్ణయించుటకు సాధనమైన ఈ కొలమానమును నేను పరిచర్యాశాస్త్రమునకు దక్కిన మహోపకారముగా ఎంచుదును.

అయినను ముద్రితమైన సత్యము వార్డులోనికి వచ్చుటకు చాలకాలము పట్టినది. రుద్దుట ఆప్యాయతగా కనబడును. బరువైన శరీరమును రాత్రియెల్ల గంటల లెక్కన పొరలించుటకో, మనుష్యులు కావలయును. అందుచేతనే, ఎముక పొడుచుకొనియుండు చోట మర్దనము లోపలి కండకు హాని చేయగలదని తెలిసిన పిమ్మటను, ఆ యభ్యాసము దశాబ్దములపాటు పెక్కు ఆస్పత్రులలో నిలిచియుండెను.